ఒడ్డు మీది తెప్పకి కట్లుండవు

మా చిన్నప్పుడు వైజాగులో బొమ్మల ప్రదర్శన చూడాలంటే ఏ హాలుకీ వెళ్లక్కర్లేదు. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచికి వెళ్తే చాలు. రెండు చెట్ల మధ్య నైలాన్ తాడు కట్టి, బట్టల క్లిప్పులతో డ్రాయింగ్ షీట్లు వరసగా తగిలించి, పక్కనే మడత కుర్చీలో మా డ్రాయింగ్ మాస్టారు కూర్చుని ఉండేవారు. మురీ మిక్చర్ పొట్లం పట్టుకుని షికారుకొచ్చినవాళ్లు నడుస్తూనే ఓ చూపు చూసేవారు. కొందరు ఆగేవారు. ఆగినవాళ్లు అడిగే మొదటి మాట ఒకటే. "ఇవన్నీ మీరే వేశారాండీ?"

అడిగింది ఎవరైనా సరే, పదేళ్ల పిల్లాడైనా సరే, మాస్టారు కుర్చీలోంచి లేచి జవాబు చెప్పేవారు. కూర్చుని చెప్పడం నేనెప్పుడూ చూడలేదు.

1992లో నేను ఆరో తరగతి. మేం అల్లిపురంలో ఉండేవాళ్లం. నాన్నది పోర్టులో ఉద్యోగం. ఆదివారం నాలుగున్నరకి బయల్దేరి డాబాగార్డెన్స్, జగదాంబ, కలెక్టరాఫీసు మీదుగా బీచికి నడిచి వెళ్లేవాళ్లం. దారిలో జగదాంబ దగ్గర ఆగి సినిమా హోర్డింగులు చూడడం నాకో అలవాటు. అప్పటికింకా ఫ్లెక్సీలు రాలేదు. చేత్తో వేసిన మొహాలు, ఒక్కొక్కటీ మా ఇంటి తలుపంత ఉండేవి. హీరోయిన్ బుగ్గ మీద ఆకుపచ్చ రంగు ఎందుకు పూశారో నాకు అర్థమయ్యేది కాదు. దగ్గరికెళ్తే పచ్చటి మరకలాగే కనిపించేది. రోడ్డు దాటి అవతలి నుంచి చూస్తే మరక పోయి బుగ్గ గుండ్రంగా పైకి లేచేది. ఆ సంగతి మాస్టారితో చెప్పాను. ఆయన నా మొహంలోకి ఒక నిమిషం చూసి, "రేపట్నుంచి సాయంత్రాలు మా ఇంటికి పంపించండి" అన్నారు నాన్నతో. ఫీజు మాట ఆయన ఎత్తలేదు, నాన్న ఎత్తితే వినిపించుకోలేదు.

ఆయన విజయనగరంలో అంట్యాకుల పైడిరాజు గారి దగ్గర కొన్నాళ్లు నేర్చుకున్నారు. పైడిరాజు గారంటే మద్రాసులో దేవీప్రసాద్ రాయ్ చౌదరి దగ్గర చదువుకుని వచ్చి, మన ఉత్తరాంధ్ర పల్లె ఆడవాళ్లని తన బొమ్మల్లోకి తెచ్చిన ఆయన. ఆ పేరు ఎత్తినప్పుడల్లా మాస్టారి గొంతు కాస్త తగ్గేది, గుళ్లో మాట్లాడుతున్నట్టు.

బీచిలో బొమ్మలు పెట్టడమంటే గాలితో వేగాలి. మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి గాలి మొదలై, ఐదింటికల్లా ఊపందుకుంటుంది. షీటుకి పైన రెండు క్లిప్పులు పెట్టి ఊరుకుంటే తెరచాపలా ఎగిరి మూల చిరుగుతుంది. అందుకని మాస్టారు ప్రతి షీటుకీ వెనక అట్ట అంటించి, కింది మూలలకి పురికొసతో గులకరాళ్లు వేలాడదీసేవారు. ఆ రాళ్లు ఏరి, చిన్నవీ పెద్దవీ వేరు చేసి కొబ్బరిచిప్పల్లో పోసి తేవడం నా డ్యూటీ. ఉప్పుగాలికి క్లిప్పుల స్ప్రింగులు చూస్తూండగానే తుప్పు పట్టేవి. తుప్పు క్లిప్పు తగిలించామా, కాగితం మీద గోధుమరంగు మరక పడిపోయేది. అలాంటి మరక ఉన్న షీటు ఒకటి ఇప్పటికీ మా ఇంట్లో గోడకి ఉంది. ఫ్రేము కట్టించడానికి తీసుకెళ్తే షాపు అబ్బాయి ఆ మరక కనిపించకుండా అంచు కోసేస్తానన్నాడు. వద్దన్నాను.

ఇక వానాకాలం వస్తే బీచి బంద్. కాగితం ఉబ్బిపోతుంది, నీటిరంగు ఓ పట్టాన ఆరదు, ఆరిందనుకుని బీరువాలో దాస్తే నెలకల్లా బూజు. మాస్టారు బొమ్మల మధ్య వేపాకు పెట్టేవారు, మా అమ్మ పట్టుచీరల మధ్య పెట్టినట్టే.

ఆ తాడు మీద ఆయనకి బాగా ఇష్టమైన బొమ్మ ఒకటుండేది. పెద జాలరిపేట ఒడ్డు, తెల్లవారుజాము. దూరంగా డాల్ఫిన్స్ నోస్ కొండ నీలంగా, ముందు ఇసకలో ఒక తెప్ప, దాని మీద ఆరేసిన వల. తెప్ప చూడనివాళ్ల కోసం చెప్తున్నాను. అది పడవలా లోపల డొల్లగా ఉండదు. చెక్కిన దుంగల్ని పక్కపక్కన చేర్చి తాళ్లతో బిగించి కడతారు. అల పైనుంచి దాటిపోయినా మునగదు, నీళ్లు సందుల్లోంచి జారిపోతాయి. అప్పట్లో పేట ఒడ్డు పొడుగునా తెప్పలే కనిపించేవి. మాస్టారు ఆ బొమ్మలో కట్టు తాడు మీద పడిన వెలుగు కూడా సన్నటి బ్రష్షుతో గీత గీతగా వేశారు. అందరూ దాన్నే మెచ్చుకునేవారు. "తాడు చూడండి, నిజం తాడులా లేదూ!"

ఓ ఆదివారం ఒక పెద్దాయన ఆగాడు. గళ్ల లుంగీ, తలకి తువ్వాలు, ఆరిపోయిన చుట్ట చేతిలో. మిగతా బొమ్మల వంక చూడలేదు. దాని ముందే చాలాసేపు నిలబడ్డాడు. మాస్టారు మామూలుగానే లేచారు.

"ఇది మా పేటే కదా బావూ?"

"అవునండీ."

"ఏటకి ఎల్తన్నప్పుడా, ఒచ్చేసినాకా?"

"వచ్చేశాకండీ. అందుకే వల ఆరేసినట్టు వేశాను."

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "ఒడ్డు మీది తెప్పకి కట్లుండవు బావూ. ఒచ్చిన ఎంటనే ఇప్పేస్తాం. ఇప్పి, దుంగలు దేనికది ఆరెయ్యాల. కట్టినట్టే ఒగ్గేసినామంటే నీరు పీల్చేసి బరువెక్కిపోద్ది. రేపు అది తేల్దు."

మాస్టారు ఏమీ అనలేదు. బొమ్మ వైపు తిరిగి, అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. తర్వాత తన మడత కుర్చీ తీసుకొచ్చి పెద్దాయనకి వేసి, తను ఇసకలో గొంతుక్కూర్చుని, "కట్టు ఎలా వేస్తారో చూపించండి" అన్నారు. పెద్దాయన నా చేతిలో పురికొస తీసుకున్నాడు. మాస్టారి జేబులోంచి మూడు పెన్సిళ్లు తీసి పక్కపక్కన పెట్టాడు. ఆ వేళ్లు మొద్దుబారి, గోళ్లు పగిలి ఉన్నాయి. కానీ కొస పట్టుకోగానే వాటికెక్కడలేని చురుకూ వచ్చేసింది. కిందనుంచి తెచ్చి, పైన దాటించి, మళ్లీ కిందికి పోనిచ్చి ఒక్క లాగు లాగితే మూడు పెన్సిళ్లూ ఒక్క చెక్కలా అయిపోయాయి. కొస చివర పట్టుకుని గుంజగానే మూడూ విడిపోయి ఇసకలో పడ్డాయి. నాకు గారడీ చూసినట్టే అనిపించింది. మూడుసార్లు అడిగి చేయించుకున్నాను. నాలుగోసారి నా చేతికిచ్చి, "నువ్వు కట్టు పాపా" అన్నాడు. నాకు రాలేదు.

తర్వాత రెండు వారాలు బీచిలో తాడు కట్టలేదు. మాస్టారు తెల్లారగట్లే పేటకి వెళ్లి, వేట నుంచి తెప్పలు ఒడ్డెక్కడం, కట్లు విప్పడం, దుంగలు మోసుకెళ్లడం చూసి గీసుకుని వచ్చారు. ఆ బొమ్మ మళ్లీ మొదట్నుంచి వేశారు. ఈసారి తాడు చుట్టగా చుట్టి పక్కన ఉంది. దుంగలు విడివిడిగా, తడిసినచోట నల్లగా, ఆరినచోట బూడిదరంగులో. నిజం చెప్పాలంటే పాత బొమ్మే కంటికి ఇంపుగా ఉండేది. కొత్త దాంట్లో చెప్పుకోడానికి "తాడు చూడండి" లాంటిదేమీ లేదు. కానీ దాని ముందు నిలబడితే ఎవరో ఇప్పుడే పని ముగించుకుని ఇంటికెళ్లారన్న సంగతి తెలిసేది. పెద్దాయనకి కబురు పంపితే వచ్చాడు. చూశాడు. "ఇప్పుడు రేపు ఏటకెల్లొచ్చు" అన్నాడు.

తర్వాత నేను చాలా ప్రదర్శనలు చూశాను, హైదరాబాదులో, చెన్నైలో. పెద్ద పెద్దవాళ్లు బొమ్మల గురించి మాట్లాడగా విన్నాను. ఆ ఒక్క మాటకి సాటి వచ్చే విమర్శ నాకు ఎక్కడా తగల్లేదు.

బీచి రోడ్డులో పాత డచ్ బంగళాలో విశాఖ మ్యూజియం తెరిచింది 1991లో. పిఠాపురం కాలనీలో కచేరీలు జరిగే హాలు, కళాభారతి కూడా ఆ ఏడాదే మొదలైంది. నాన్నకి సంగీతం పిచ్చి, కచేరీ అంటే అన్నం మానేసి వెళ్లేవారు. నేను కచేరీ వింటూ నోటుబుక్కు వెనక మృదంగం వాయించేవాళ్ల చేతులు గీసేదాన్ని. ఆగని చేతిని గీయడం ఎంత కష్టమో అక్కడే తెలిసింది.

ఇంటర్లో ఉండగా మాస్టారు నన్ను ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ డిపార్ట్‌మెంటుకి తీసుకెళ్లారు. గుమ్మంలోనే లిన్సీడ్ నూనె, టర్పెంటైన్ కలిసిన వాసన. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు పదిహేడేళ్లే. బరోడాలో చదువుకొచ్చిన చిత్రకారుడు వి. రమేష్ గారు అప్పట్లో అక్కడ పాఠాలు చెప్పేవారు. ఇంత పేరున్న ఆర్టిస్టు మన ఊళ్లోనే ఉండి పిల్లలకి చెప్తున్నారన్నది నాకు పెద్ద విషయంగా అనిపించింది. నన్ను అన్నిటికంటే కట్టిపడేసింది మాత్రం ప్రింటు తీసే ప్రెస్సు. జింకు రేకు మీద గీసి, ఆసిడ్‌తో గీతల్ని లోతు చేసి, సిరా రుద్ది, పైపైన గుడ్డతో తుడిచేస్తారు. సిరా గీతల్లో మాత్రమే మిగులుతుంది. కాగితాన్ని ముందే తడిపి పెట్టుకోవాలి, పొడి కాగితమైతే ఆ గీతల్లోకి దిగి సిరాని పైకి లాగలేదు. అది విని మాస్టారు నవ్వేశారు. "ముప్పయ్యేళ్లుగా ఈ ఊరి చెమ్మతో కొట్టుకుంటున్నాను. వీళ్లకి చెమ్మే కావాలిట!" ప్రెస్సు పెద్ద చక్రం ఓ విద్యార్థి తిప్పుతుంటే, కాగితం మూల పట్టుకుని మెల్లగా పైకి లేపినప్పుడు బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి కనిపించింది. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు.

ఆ మధ్యలోనే ఒక దెబ్బ. ఎవరో పెట్టిన పోటీకి నా బొమ్మల్లో మంచిది పంపాను. ఫలితాలు వచ్చాయి, వెళ్లాయి, బొమ్మ తిరిగి రాలేదు. నాలుగుసార్లు తిరిగాం. నాన్న గుమాస్తా ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చింది. బహుమతి రానందుకు నాకు బాధ లేదు. నాన్న అలా నిలబడ్డం మాత్రం మర్చిపోలేను. పిల్లల దగ్గర బొమ్మలు తీసుకునేవాళ్లు దయచేసి వాటిని తిరిగివ్వండి. ఆ వయసులో వేసింది మళ్లీ వేయలేం.

తర్వాత విశాఖ ఉత్సవాలు మొదలయ్యాక బీచి రూపమే మారిపోయింది. అరకు ఆడవాళ్లు నడుములు పట్టుకుని ఒకే అడుగుగా ఆడే థింసా, గుండెల మీద రేకు గుల్ల కట్టుకుని కాళ్ల గజ్జెలతో తప్పెటగుళ్ల వాళ్లు. తప్పెటగుళ్లు స్టేజీ మీద చూస్తే నాకు ఆనదు. ఇసకలో, చుట్టూ జనం ఉండగా, వాళ్లు ఎగిరి దిగినప్పుడు పాదాల కింది అదురు మనకి తగలాలి.

స్టాళ్లలో నేను గంటలు గంటలు నిలబడింది ఏటికొప్పాక బొమ్మల దగ్గర. అడ్డరోడ్డు దగ్గర దిగి లోపలికి వెళ్తే వరాహ నది ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, చెట్ల రంగుల్ని మళ్లీ వాడకంలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. అవన్నీ తర్వాతి మాటలు. నేను చూసిన రోజున ఒకాయన చిన్న లేత్ మిషను ముందు కూర్చుని అంకుడు కర్ర ముక్కని తిప్పుతున్నాడు. ఉలి ఆనిస్తే తెల్లటి పొట్టు రిబ్బనులా చుట్టుకుంటూ రాలుతోంది. బొమ్మ ఆకారం వచ్చాక లక్క కడ్డీ తీసుకుని తిరిగే కర్రకి నొక్కిపట్టాడు. నిప్పు లేదు, పొయ్యి లేదు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి పసుపు రంగు పట్టీలా కర్రని చుట్టేసింది. ఆఖర్న మొగలి ఆకు అడ్డం పెట్టి నొక్కితే తళతళా మెరిసింది. ఆపి, నా చేతిలో పెట్టాడు. బొంగరం. ఇంకా వెచ్చగా ఉంది.

ఆ లక్క సంగతే మరోచోట ఎదురై నన్ను ఆశ్చర్యపరిచింది. పద్దెనిమిదో శతాబ్దంలో మన విశాఖపట్నం కళాకారులు ఏనుగు దంతం పొదిగిన పెట్టెలు, కుర్చీలు, బల్లలు చేసి తెల్లదొరలకి అమ్మేవారు. దంతం రేకు మీద పువ్వులూ తీగలూ సన్నగా గీసి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. ఆ వస్తువులు ఇప్పుడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి, ఊరి పేరుతోనే ప్రపంచమంతా వాటిని పిలుస్తుంది. ఫొటోలో పెద్దది చేసి చూశాను. గీత లోతులో నింపిన లక్క, గీతలో మిగిల్చిన సిరా. యూనివర్సిటీ ప్రెస్సు మీద నేను చూసిన పనికి అది దగ్గరి చుట్టమే. రెండున్నర శతాబ్దాల క్రితం ఇదే ఉప్పుగాలిలో కూర్చుని చేశారు. చేసినవాళ్ల పేరు ఏ ఒక్క పెట్టె మీదా నాకు కనిపించలేదు. నాకు కళ్లనీళ్లొచ్చాయి.

సైకత శిల్పాల మాట కూడా చెప్పాలి. మన తీరం ఇసకలో అక్కడక్కడ నల్లటి చారలు ఉంటాయి కదా, బరువైన ఖనిజాలున్న ఇసక. ఒకసారి ఒక కుర్రాడు ఇసకలో బుద్ధుడి మొహం చేస్తున్నాడు. అంతా అయ్యాక అలల అంచుకి పరుగెత్తి ఆ నల్ల ఇసక దోసిట్లో తెచ్చి, రెండు వేళ్లతో, మా అమ్మ ముగ్గు పోసినట్టే, కనుబొమలు పోశాడు. బయటినుంచి తెచ్చిన రంగు ఒక్క చుక్క లేదు.

ఇప్పుడు ఊళ్లో చోట్లకి కొదవ లేదు. జయపురం మహారాజా రామచంద్ర దేవ్ 1923 నాటికి కట్టించిన హవామహల్ ఉంది, ద్వారకానగర్లో పౌర గ్రంథాలయం ఉంది, సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం ఉంది. లైట్లు బాగుంటాయి, ఏసీ ఉంటుంది, కాగితం ఉబ్బదు. సంతోషమే. నేనూ నా బొమ్మలు అలాంటి చోటే పెట్టాను. కానీ చుట్ట పట్టుకున్న పెద్దాయన అద్దాల తలుపు తోసుకుని లోపలికి రాడు. ఈ ఒక్కదాని గురించీ నాకు దిగులు.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను. వైజాగు వాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు. అప్పటికి మాస్టారు రిటైరై చాలా ఏళ్లయింది, చినవాల్తేరులో మేడ మీద రేకుల గదిలో ఉండేవారు. ఫోన్లు లేవు. మూడో రోజు పొద్దున్నే, పడిపోయిన చెట్లు ఎక్కి దిగుతూ నడిచి వెళ్లాను. కైలాసగిరి మీద పచ్చదనం అన్నది లేదు, గుండులా ఉంది. మేడ ఎక్కేసరికి మాస్టారి గదికి పైకప్పు లేదు. రేకులు ఎగిరిపోయాయి. నలభై ఏళ్ల బొమ్మలున్న బీరువా వెల్లకిలా పడి ఉంది, షీట్లన్నీ తడిసి ఒక్క ముద్దగా అతుక్కుపోయి ఉన్నాయి. ఆయన లుంగీ ఎగగట్టుకుని, ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసుకుని, ఆ ముద్దని అందులో పెట్టి ఒక్కో షీటూ విడదీస్తున్నారు.

"తడిగా ఉండగానే రావాలమ్మా. ఎండిందా, ఇంక అట్టే" అన్నారు నన్ను చూడగానే, నిన్న సాయంత్రమే కలిసినట్టు.

నేనూ కూర్చున్నాను. విడదీసినవి విడదీసినట్టు పిట్టగోడ పొడవునా నైలాన్ తాళ్లు కట్టి ఆరేశాం. క్లిప్పులు చాలక పక్కింటి వాళ్ల దగ్గరా, ఎదురింటి వాళ్ల దగ్గరా అడిగి తెచ్చాను. చాలా బొమ్మల్లో రంగు కారి కొండలు సముద్రంలోకి దిగిపోయాయి. కొన్ని బాగానే ఉన్నాయి. పదకొండింటికి కింద వీధిలోకి నీళ్ల ట్యాంకరు వచ్చింది. అటూ ఇటూ రెండు వీధుల జనం బిందెలతో, బకెట్లతో వరస కట్టారు. ఎండ చుర్రుమంటోంది, వరస కదలడం లేదు. నిలబడ్డవాళ్లు తలెత్తి పైకి చూడడం మొదలెట్టారు. ఒకరిద్దరు మెట్లెక్కి వచ్చారు. కాసేపటికి ఇంకొందరు. బిందెలు వరసలో వదిలేసి, వంతులవారీగా వచ్చి చూసి వెళ్లారు. మాస్టారు టబ్బు ముందునుంచి లేవబోతే నేనే ఆపాను.

పేట నుంచి వచ్చిన ఒక ముసలమ్మ, వెంట మనవడు. ఆరేడేళ్లుంటాయి వాడికి, ఫైబర్ బోట్లు తప్ప ఇంకోటి ఎరగడు. తెప్ప బొమ్మ దగ్గర ఆగి చెయ్యి చాపాడు.

"నానమ్మా, ఆ కర్రలేటి, అలాగ పడున్నాయి?"

"కర్రలు కాదురా, తెప్ప. ఏటనించి ఒచ్చేసినారు. ఇప్పేసి ఆరేసినారు, నీరు పీల్చకుండా."

మాస్టారు విన్నారు. టబ్బులోంచి ఇంకో షీటు పైకి తీసి, క్లిప్పు కోసం నా వైపు చెయ్యి చాపారు.